మూడో వంపే లెక్క

మా బావకు ఏ మాటైనా మూడోసారి వింటేనే విన్నట్టు. మొదటిసారి చెప్పినది ఆయన చెవిదాకా వెళ్ళేది. రెండోసారి చెప్పినది చెవిలోకి వెళ్ళేది. మూడోసారి చెప్పినది మాత్రమే మనసులోకి దిగి అక్కడ స్థిరపడేది. అలాగని చెవుడు కాదు; పక్కగదిలో గుండుసూది పడితే ఏ మూలకు దొర్లిందో చెప్పగల చెవులు ఆయనవి. ఇది కేవలం వృత్తిధర్మం. ఆ ధర్మాన్ని ఇంటిల్లిపాదికీ, అతిథులకూ, బస్సు కండక్టర్లకూ, పళ్ళ డాక్టర్లకూ నిష్పక్షపాతంగా వర్తింపజేయడమే ఆయన విశేషం. ఆ విశేషాన్ని చూసి ముప్పై ఏళ్ళు నవ్వుకున్నవాణ్ణి నేను. అర్థం చేసుకోవలసిన చోట కోపం తెచ్చుకుని, ఆ తరువాతి ఆరేళ్ళను చేజేతులా పోగొట్టుకున్నవాణ్ణి కూడా నేనే.

ముందుగా ఆ వృత్తి ఏమిటో చెప్పాలి. మా అక్కను పెళ్ళాడేనాటికే ఆయన వెన్నెముకలను పరిశోధించే ఒక సంస్థలో యంత్రాలు రూపొందించే ఇంజనీరు. మనిషి ముందుకు వంగినప్పుడు, వెనక్కి వాలినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు వెన్నుపూసల మధ్య ఏమి జరుగుతుందో కొలవాలి. విరిగిన వెన్నుకు డాక్టర్లు బిగించే కడ్డీలూ మరలూ ఎంత ఒత్తిడికి నిలుస్తాయో, వాటిని మనిషికి బిగించకముందే తేల్చాలి. ఆ పరీక్షకు తగిన యంత్రం బజారులో దొరకదు. అందుచేత మా బావ కాగితం మీద గీసి, ఇనుము కోసి, చేతులారా బిగించి తయారుచేసేవారు. రెండు మూడు పూసలున్న వెన్ను ముక్కను కిందా పైనా సిమెంటు గిన్నెలలో నిలబెట్టి, పైగిన్నెకు తాళ్ళు కట్టి, వాటిని కప్పీల మీదుగా పోనిచ్చి, చివర బరువులు వేలాడదీస్తారు. తాళ్ళు రెండూ సమానంగా ఎదురెదురు దిక్కులకు లాగుతాయి కనుక ఆ వెన్ను ఎటూ జరగదు. వంగుతుంది, అంతే.

"ఒకసారి వంచితే తెలియదా బావా?" అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"ఏం తెలుస్తుంది? కొత్త చోటు, కొత్త పట్టు. బిగుసుకుపోయి ఉంటుంది. బెట్టు చేస్తుంది."

"రెండోసారి?"

"కాస్త మెత్తబడుతుంది. అయినా నిజం చెప్పదు."

"మూడోసారి?"

"అదీ! మూడో వంపే లెక్క, పండితా. మొదటి రెండూ మేం రాసుకోం. రాసుకుంటే పాపం, వెన్నుకు అన్యాయం చేసినట్టు."

నేను కళాశాలలో ప్రాచీన పద్యం మొదట చదివి, తరువాత బోధించినవాణ్ణి గనుక ఆయన నోట నా పేరు పండితుడుగా స్థిరపడిపోయింది.

మా అక్కకు ఆయన సంగతి పెళ్ళిమాటల నాడే తెలిసింది. ఇద్దరినీ మాట్లాడుకోమని పెద్దలు పక్కగదిలో కూర్చోబెట్టారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆ వయసులో అది నా కర్తవ్యమని నమ్మేవాణ్ణి.

"నేను మీకు ఇష్టమేనా?" అన్నారాయన.

"ఇష్టమే," అన్నది అక్క సిగ్గుపడుతూ.

"నేను మీకు ఇష్టమేనా?"

"చెప్పానుగా."

"నేను మీకు ఇష్టమేనా?"

"ఇష్టం లేకపోతే ఇంతసేపు మీ మొహం చూస్తూ ఎందుకు కూర్చుంటానండీ!"

ఆయన సంతోషంతో బయటికి వచ్చి మా నాన్నగారితో, "ఖాయమండీ. మూడోదాంట్లో బలం ఉంది," అన్నారు. నాన్నగారికి బోధపడలేదు. అక్కకు ఆ క్షణంలోనే బోధపడింది. అప్పటి నుంచి ఆమె ఏ పనైనా చెప్పవలసి వస్తే ముందుగా గొంతు సవరించుకుని, మూడు మార్లకు సరిపడా ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టేది.

ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి ఆయనకు తోడుగా నేనే వెళ్ళాను. డాక్టరు పంటి మీద సూదితో గుచ్చి, "నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"ఇంకో రెండుసార్లు గుచ్చండి, చెబుతాను," అన్నారు మా బావ.

నలభై ఏళ్ళ అనుభవమున్న ఆ డాక్టరు తన కుర్చీలో కూర్చున్నవాడు ఇలా అడగడం అదే మొదలని చెప్పి, మూడోసారి గుచ్చేముందు తానే కళ్ళు మూసుకున్నాడు.

ఇక ఆయన ఇంటికి వెళ్ళిన అతిథి పాట్లు వేరు. "కాఫీ తాగుతారా?" అంటే మర్యాదస్తుడు వద్దంటాడు. మళ్ళీ అడిగితే, "అబ్బే, ఇప్పుడే తాగొచ్చానండీ," అంటాడు. మూడోసారి కూడా అదే గొంతుతో అడిగేసరికి వాడికి దిక్కు తోచక, "సరే, కొంచెం ఇప్పించండి," అంటాడు. "చూశావా!" అని బావ నావైపు తిరిగేవారు. "మొదటి రెండూ మొహమాటం. మొహమాటాన్ని రాసుకుంటే వచ్చినవాడు ఎండుకుపోతాడు." నేను నవ్వేవాణ్ణి. ఆ మాటలో ఏముందో ఆలోచించవలసినవాణ్ణి. ఒక శ్లోకంలో ఒక్క చకారం ఎందుకు పడిందో అని మూడు రోజులు తర్కించగల బుద్ధి ఆనాడు ఎక్కడికి పోయిందో తెలియదు.

నాకు పెళ్ళి లేదు. అమ్మా, నేనూ, పుస్తకాలూ. సంస్థకు మా ఇల్లు రెండు వీధుల దూరం, బావ ఇల్లు మరో పది నిమిషాల నడక. ఆదివారం పొద్దున్నే ఆయన వచ్చి నా ఎదుట కుర్చీ వేసుకునేవారు. నేను కొత్తగా కట్టిన పద్యం చదివేవాణ్ణి. "మళ్ళీ," అనేవారు. చదివేవాణ్ణి. "మళ్ళీ." మూడోసారి చదివాక కళ్ళు తెరిచి, "భలే! ఆ మూడో పాదంలో బరువు ఎటు పోవాలో అటే పోయింది," అనేవారు. ఛందస్సులో ఆయనకు ఓనమాలు రావు. కానీ లోకంలో పద్యాన్ని ఒకసారి వినేవాడే కరువు. మూడుసార్లు వినేవాణ్ణి భగవంతుడు నాకు బావగా ఇచ్చాడు. ఈ సంగతి నేను ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు.

బరువు గురించి ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "తాడు కట్టి నిట్టనిలువుగా కిందికి లాగామనుకో, ఈ వెన్ను కొద్దిపాటి బరువుకే పక్కకు ఒరిగిపోతుంది. అదే తాడును ఒక్కో పూస పక్కనుంచీ, వంపు ఎటు పోతే అటు పోనిచ్చి లాగు. మనిషి బరువంతా మోస్తుంది. మా యంత్రానికి ఆ దారి అమర్చడానికి నాకు ఏడాది పట్టింది తెలుసా?"

"అంతేనా?"

"అంతే. బరువుది తప్పు కాదు పండితా, మనం లాగే దారిది."

ఒక్కసారి వచ్చి ఆ యంత్రాన్ని చూడమని ఆయన కోరిక. అక్కడ ఎముకలుంటాయని, మడి చెడుతుందని నేను తప్పించుకునేవాణ్ణి. నేను రాకపోతే నా దగ్గరికే ఎముకలు వస్తాయని ఊహించలేదు.

ఆ రోజు శనివారం మధ్యాహ్నం. నేను ఒక వ్యాఖ్యానానికి అచ్చుప్రతులు దిద్దుతున్నాను. పదకొండు పదాల సమాసమొకటి విడదీస్తే విడిపోతుంది గాని మళ్ళీ అతకడం లేదు. నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారనీ, ఏదో అడిగారనీ లీలగా జ్ఞాపకం. అంతకు మించి నాకేమీ తెలియదు.

మర్నాడు తెల్లవారి స్నానం చేసి, పూజకు పూలకోసం ఫ్రిజ్ తెరిచాను. ముందురోజు నేను పూలను తడిగుడ్డలో చుట్టి కింది అరలో దాచాను. తడిగుడ్డ పొట్లం చేతికి తగిలింది. రోజూకన్నా బరువుగా, గట్టిగా ఉంది. చలికి బిగుసుకున్నాయి కాబోలనుకున్నాను. పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, స్తోత్రం చదువుతూ, భక్తితో గుడ్డ విప్పి, మొదటి పువ్వు కోసం వేళ్ళతో తడిమాను.

పువ్వుకు ముళ్ళుంటే ఉండవచ్చు. వరసగా, రెండు పక్కలా, ఎముకలై ఉండకూడదు.

కళ్ళు తెరిచాను. దేవుడి ఎదుట, నా అరచేతిలో, ఒక గొర్రె నడుము. దాని మెడకు కట్టినట్టు ఒక చీటీ: "గొ-7. సోమవారం పరీక్ష. ఆరనివ్వరాదు."

నా కేక విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధితలుపు తోసుకుని బావ కూడా వచ్చారు. ఫ్రిజ్‌లో చలి సరిపోతోందో లేదో చూసిపోదామని వచ్చారట.

"బావా! ఏమిటిది?"

"అయ్యయ్యో, విప్పేశావా! ఆరిపోతుంది!"

అంటూనే చొక్కా జేబులోంచి చిన్న పిచికారీ సీసా తీసి, నా చేతిలో ఉన్నదానిమీద ఉప్పునీళ్ళు చిలకరించసాగారు. తుంపర్లు నా మొహంమీద పడ్డాయి. దేవుడి పటంమీద పడ్డాయి. దీపం చుర్రుమని ఆరిపోయింది. ఆయన మాత్రం ఆ ముక్కను ఎంతో అనునయంగా గుడ్డలో చుడుతూ, "ఒక్క పది నిమిషాలు ఆరితే చాలు, ఇక ఏం కొలిచినా దండగే," అంటున్నారు.

"బావా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరిక మా గడప తొక్కవద్దు."

ఆయన తలెత్తారు. "ఏమన్నావ్?"

"మా గడప తొక్కవద్దన్నాను!"

ఆయన నోరు తెరిచారు. నావైపు చూశారు. నోరు మూసుకున్నారు. ఫ్రిజ్‌లోని మిగతా పొట్లాలు కూడా తీసుకుని, చెప్పులు వేసుకోవడం మరిచి, వట్టి కాళ్ళతో వెళ్ళిపోయారు.

"ఒరే," అన్నది అమ్మ, ఆరిన దీపం మళ్ళీ వెలిగిస్తూ, "వాళ్ళ ఫ్రీజరు చెడిపోయిందట. ఇక్కడ పెట్టుకోనా అని నిన్ను నిన్న అడిగాడు కదరా."

"నన్నా?"

"నిన్నే. గొర్రె వెన్నులని కూడా చెప్పాడు. మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నువ్వు ఊఁ అన్నావు. వంటింట్లోంచి విన్నాను."

"నేను ఆ సమాసం చూసుకుంటూ ఊఁ అన్నానమ్మా."

"నువ్వు సమాసంతో మాట్లాడుతున్నావని అల్లుడికి ఎలా తెలుస్తుంది?"

ఆయన ఆ మాట అనలేదు. "నువ్వే ఒప్పుకున్నావు" అని ఒక్క ముక్క అంటే నా నోరు మూతపడేది. అనకుండా వెళ్ళిపోయారు. అది తెలిసీ నేను కదలలేదు. అరిషడ్వర్గాల మీద రెండు గంటలు అనర్గళంగా ఉపన్యసించగలవాణ్ణి. వాటిలో రెండవదాన్ని ఆ ఉదయం ఇంట్లోకి రానిచ్చాను, ఐదవదానికి ఆ తరువాత ఆరేళ్ళపాటు పీట వేసి కూర్చోబెట్టాను. క్రోధం వచ్చిన దారినే పోయింది. మదం పోలేదు.

అక్క మాత్రం వస్తూనే ఉండేది. ఒకరోజు కుర్చీలో కూలబడి, "ఒరే తమ్ముడూ, రెండు పూసల మధ్య డిస్కు ఉంటుందట. పైనుంచి ఒకటి నొక్కుతుంది, కిందనుంచి ఒకటి నొక్కుతుంది. అది కిక్కురుమనకూడదట. మీ బావ చెబితే ఏమిటో అనుకున్నాను. అది నేనేరా!" అన్నది.

"ఆయన్ని వచ్చి క్షమించమని అడగమను."

"గడప తొక్కొద్దన్నవాడివి, రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తారు? కిటికీలోంచా?"

ఆ రోజుల్లోనే నాకొక చిత్రమైన బాధ మొదలైంది. నెలకోసారి, మొదటివారంలో, ఎవరో జలుబు చేసిన మనిషి ఫోన్ చేసేవాడు.

"ఇది గడియారాల షాపా అండీ?"

"కాదు."

"గడియారాల షాపు కాదా?"

"కాదు నాయనా. ఇది గృహస్థు ఇల్లు కూడా కాదు, బ్రహ్మచారి ఇల్లు. ఇక్కడ కాలం కొలవబడదు, గడపబడుతుంది," అని నేను కాస్త గ్రాంథికంగానే మందలించేవాణ్ణి. అవతలివాడు శ్రద్ధగా విని పెట్టేసేవాడు. మళ్ళీ వచ్చే నెల తయారు. వాడి జలుబు ఎన్నేళ్ళైనా తగ్గలేదు. వాడికి షాపు నంబరూ దొరకలేదు. ఇంత మందబుద్ధి గడియారం కొని మాత్రం ఏం చేసుకుంటాడని నవ్వుకునేవాణ్ణి.

మూడో ఏట అమ్మ పోయింది.

ఆ రోజు సన్నని తుంపర. ఇంటినిండా జనం. ఎదురుగా మూసివున్న బట్టల దుకాణం చూరు కింద బావ నిలబడి ఉన్నారు. పొద్దున నిలబడ్డ మనిషి సాయంత్రందాకా అక్కడే ఉన్నారు. చేతిలో గొడుగు ఉంది, విప్పలేదు. అమ్మకు ఆయనంటే పంచప్రాణాలు. ఏం చెప్పినా మూడుసార్లు చెప్పించుకునే అల్లుడితో మాట్లాడితే పొద్దు బాగా పోతుందనేది. నేను కిటికీలోంచి ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూశారు. నేను తల ఊపితే చాలు. మాటైనా అక్కరలేదు.

ఊపలేదు.

అమ్మను తీసుకువెళుతున్నప్పుడు అందరికీ వెనకగా, పది అడుగుల దూరంలో నడుస్తూ వచ్చారు. అక్క ఆ రోజు నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఎన్నో ప్రాయశ్చిత్తాలు చదివాను, ఇతరులకు చెప్పాను. ఆ రోజుకు ఏది సరిపోతుందో ఈనాటికీ నాకు దొరకలేదు.

మరుసటి వారం ఫోన్ మోగింది.

"ఇది గడియారాల షాపా అండీ?"

"కాదు బాబూ," అన్నాను. మందలించే ఓపిక లేకపోయింది. "మా అమ్మ పోయింది."

ఆ జలుబు గొంతు, "తిన్నారా?" అన్నది.

"ఆఁ."

"తిన్నారా?"

"లేదు," అన్నాను.

అరగంటలో అక్క క్యారియరుతో వచ్చింది. లోకంలో గడియారాలవాళ్ళకు ఎంత సంస్కారం ఉంటుందో అని నేను అక్కతో అన్నాను. అక్క నావైపు అదోలా చూసి, "నీ చదువు చల్లగుండ!" అని అన్నం కలిపింది.

ఇలా ఆరేళ్ళు. ఒకరోజు సంస్థ అధిపతి మా ఇంటికి వచ్చాడు. తమ సీనియర్ ఇంజనీరు పదవీ విరమణ చేస్తున్నాడనీ, సన్మానపత్రం పద్యాలలో ఉంటే నిండుగా ఉంటుందనీ, ఈ చుట్టుపక్కల పద్యం రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణేననీ అన్నాడు. ఆ ఇంజనీరు నాకేమవుతాడో అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

"మీరొకసారి వచ్చి ఆయన యంత్రాలు చూస్తే పద్యాల్లో పెట్టడానికి విషయం దొరుకుతుందండీ. రేపు ఆయన సెలవులో ఉంటారు. తెలియకుండా చేసి ఆశ్చర్యపరుద్దాం."

మర్నాడు, ఎన్ని ఆదివారాలు పిలిచినా వెళ్ళని చోటికి, పిలిచినవాడు లేని రోజున వెళ్ళాను. పొడవాటి గది. గోడవారగా ఫ్రీజర్లు. మధ్యలో నా కన్నా ఎత్తైన ఇనుప చట్రం, దానిమీద కప్పీలు, సన్నని ఉక్కుతాళ్ళు, చివర్లలో నాణేల్లా పేర్చిన ఇత్తడి బిళ్ళలు. కళ్ళజోడును తాడుతో మెడకు తగిలించుకున్న నడివయసు టెక్నీషియనమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు మా సారు బావమరిది కదండీ?"

"ఎలా తెలుసు?"

"అక్కగారి ఫొటోలో చూశాను. మీరేగా ఆ 'ఊఁ' సారు!"

నేను చేసినది ఆ సంస్థలో ఇంత ప్రసిద్ధమని తెలియదు. ఆమె యంత్రం నడిపి చూపించింది. బిళ్ళలు దిగాయి, తాళ్ళు బిగిశాయి, చట్రంలోని చిన్న వెన్ను మెల్లగా వంగి, మెల్లగా నిలబడింది. "ఇది లెక్కలోకి రాదండీ," అన్నది. మళ్ళీ వంగింది. "ఇదీ రాదు." ఆమె మూడో వంపుకు మీట నొక్కబోయి ఆగి, సీసా తీసి దానిమీద నీళ్ళు చిలకరించింది. "మూడోదాకా ఆగాలంటే ఆరిపోకుండా చూసుకోవాలి. మా సారు మొదట నేర్పేది ఇదే." అని సీసా పక్కన పెట్టి నావైపు తిరిగింది. "ఒకటి అడగనా? ఆయన్ని రావద్దని మీరు రెండుసార్లే అన్నారటగా?"

"రెండుసార్లా? ఏమో. ఆయన మళ్ళీ అడగలేదు."

"అదేనండీ నేను చెప్పేదీ! మా దగ్గర టీ వద్దన్నా మూడుసార్లు అడిగే మనిషి. మిమ్మల్ని కూడా మూడోసారి అడిగి తేల్చుకోండి సార్ అని మేమంతా ఎన్నిసార్లు పోరామో. 'అడగనమ్మా,' అనేవారు. 'వాడు కోపంలో ఉన్నాడు. మూడోసారి కూడా వద్దంటే అది లెక్కలోకి వచ్చేస్తుంది. ఇక నేను వాడికి ఏమీ కాను. రెండు దగ్గరే ఆపితే వాడు నన్ను ఏమీ అననట్టే.'"

నేను చట్రాన్ని పట్టుకున్నాను.

"ఆరేళ్ళా?" అన్నాను.

"ఎన్నేళ్ళైనా ఆగచ్చట, ఆరిపోకుండా తడుపుతూ ఉంటే."

"నన్నెక్కడ తడిపారమ్మా ఆయన? ఆయన మొహమే చూడలేదు నేను."

ఆమె గోడకున్న ఫోన్ వైపు చూపించి పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. "నెలకోసారి అందులో గడియారాల షాపు అడుగుతారుగా సార్, ముక్కు పట్టుకుని!"

ఆ గదిలోనుంచి నేను ఎలా బయటపడ్డానో, రెండు వీధులూ ఆ పైన పది నిమిషాలూ ఎలా నడిచానో చెప్పలేను. దారిపొడుగునా క్షమాపణ కూర్చుకుంటూనే ఉన్నాను. దోషాన్ని అంగీకరిస్తూ ఒక వాక్యం, అమ్మ పోయిన రోజును తలుచుకుంటూ ఒకటి, ఆహ్వానంగా ఒకటి. ఆయన అలవాటు తెలిసినవాణ్ణి గనుక మొత్తం మూడుసార్లు చెప్పడానికి గొంతునూ సిద్ధం చేసుకున్నాను. తలుపు తీసే ఉంది. బావ హాల్లో కూర్చుని, సన్మానానికి వేసుకోవలసిన చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకుంటున్నారు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఆరేళ్ళంటే ఎంతో అప్పుడు కనిపించింది.

నేను కూర్చిన వాక్యాలన్నీ గుమ్మం దగ్గరే రాలిపోయాయి.

"బావా, తప్పు నాది. మన ఇంటికి రండి."

ఆయన సూదిని చొక్కాకే గుచ్చి పక్కన పెట్టారు. నేను ఊపిరి తీసుకుని రెండో విడత మొదలుపెట్టాను.

"బావా, తప్పు నాది, మన ఇం..."

చూస్తే కుర్చీలో మనిషి లేరు. వంగి మంచం కింద చెప్పులు వెతుక్కుంటున్నారు.

"మళ్ళీ ఎందుకయ్యా? విన్నానుగా," అన్నారు మంచం కిందినుంచి.

"ఇంకా మూడుసార్లు చెప్పలేదు."

"ఒకసారి చాల్లే. పద, పద."

ఒకసారి చాలట. ఆరేళ్ళలో ఏ నెల అయినా, ఆ ఫోన్‌లో అయినా, ఆ కిటికీలోంచి అయినా, ఒక్కసారి. నేను ఏమి కోల్పోయానో అంత చిన్న మాటలో ఎవరూ చెప్పి ఉండరు.

"అమ్మ పోయిన రోజు..." అన్నాను.

ఆయన ఒక కాలికి చెప్పు తొడుక్కుంటూ ఆగారు. "ఆ రోజు నువ్వు నన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు. దాన్ని నేను ఎక్కడా రాసుకోలేదు," అన్నారు. రెండో చెప్పు తొడుక్కున్నారు. ఆయన రాసుకోకపోవచ్చు. నేను రాసుకున్నాను, చెరిగిపోదు.

అంతలో వంటింట్లోంచి అక్క గరిటెతో వచ్చింది. నన్ను చూసింది. ఆయన కాళ్ళకున్న చెప్పులు చూసింది. ఆమె కళ్ళు నిండాయి, కానీ మరుక్షణమే కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమండీ, వాడు ఒక్కసారి అంటే బయలుదేరారా? ముప్పై ఆరేళ్ళ నుంచి ఉప్పు అయిపోయిందన్నా మూడుసార్లు అరుస్తున్నాను నేను!"

"ఏమన్నావ్?" అన్నారు బావ.

"ముప్పై ఆరేళ్ళ నుంచి అంటున్నాను!"

"ఏమన్నావ్?"

ఆమె మూడోసారి చెప్పడానికి ఊపిరి పీల్చుకునేలోగా ఆయన నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగేశారు. వీధి మలుపుదాకా మా అక్క గొంతు మమ్మల్ని తరుముతూనే ఉంది.